వోల్టేజి తగ్గినప్పుడు బోరు మోటారు ఎక్కువ కరెంటు ఎందుకు తీసుకుంటుంది?

ప్రశ్న:
మా బోరులో 5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. స్టార్టర్ పెట్టెలోని మీటర్లు 415 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు, వోల్టేజి 340కి పడిపోయినప్పుడు 11 ఆంపియర్లు చూపుతున్నాయి. ఓమ్ నియమం ప్రకారం వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గాలి కదండీ. దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
నిరోధం మారనంత వరకే కరెంటు వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుంది. 230 వోల్టులకు తయారైన 2000 వాట్ల గీజర్ నిరోధం సుమారు 26.5 ఓములు, అది 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. అదే గీజరుకు 180 వోల్టులే అందితే కరెంటు 6.8 ఆంపియర్లకు, శక్తి దాదాపు 1225 వాట్లకు తగ్గుతాయి. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే.

మీ బోరులోది ఇండక్షన్ మోటారు. తిరుగుతున్నప్పుడు అది అలాంటి స్థిర నిరోధం కాదు. వోల్టేజి తగ్గితే స్టేటర్‌లోని (మోటారులో కదలని భాగం) తిరిగే అయస్కాంత క్షేత్రం బలహీనపడుతుంది, కానీ అదే లోతు నుంచి నీరు తోడవలసిన పంపు మాత్రం దాదాపు అంతే టార్క్ (తిప్పే బలం) కోరుతుంది. అందువల్ల రోటరు (మోటారులో తిరిగే భాగం) వేగం కాస్త తగ్గి, ఆ క్షేత్రానికి మరింత వెనకబడుతుంది. ఆ తేడా పెరిగిన కొద్దీ రోటరులో ప్రేరితమయ్యే కరెంటు పెరుగుతుంది, దానికి తగినంత కరెంటును స్టేటర్ లైను నుంచి తీసుకుంటుంది.

రెండో సమాధానం:
పై వివరణ సరైనదే. అయితే స్టార్ట్ చేసిన క్షణంలో రోటరు కదలదు కనుక, అప్పుడు మాత్రం తక్కువ వోల్టేజికి తక్కువ కరెంటే వస్తుంది. టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 340 వోల్టుల దగ్గర మూడింట రెండు వంతులే మిగిలి, మోటారు వేగం అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. వైండింగులో (మోటారు తీగచుట్టలో) వేడి కూడా కరెంటు వర్గాన్ని బట్టే పెరుగుతుంది: 9 నుంచి 11 ఆంపియర్లంటే దాదాపు ఒకటిన్నర రెట్ల వేడి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు హద్దు దాటితే మోటారును ఆపే పరికరం) మోటారు నేమ్‌ప్లేట్‌పై రాసిన కరెంటు కంటే పైకి తిప్పకండి. వైండింగును కాపాడేది అదే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. బోరులోకి 4 చదరపు మి.మీ. రాగి కేబుల్ 250 మీటర్లు దిగింది. దాని ప్రభావం ఎంత? కెపాసిటర్ పెడితే తగ్గుతుందా?

మొదటి సమాధానమిచ్చినవారు:
ఆ కేబుల్ నిరోధం కిలోమీటరుకు సుమారు 4.6 ఓములు, అంటే మీ పొడవుకు ఒక్కో తీగలో 1.15 ఓములు. 11 ఆంపియర్ల దగ్గర ఒక్కో తీగలో 12 వోల్టులకు పైగా పోతాయి. ఫేజుల మధ్య చూస్తే ఇది సుమారు 20 వోల్టులు. పైన మీటరు 340 చూపినా కింద మోటారుకు అందేది దాదాపు 320 మాత్రమే. స్టార్టర్ దగ్గర పెట్టిన కెపాసిటర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అక్కడి వరకు లైను కరెంటును తగ్గిస్తుంది కనుక ఆ భాగంలో వోల్టేజి కొంత మెరుగుపడుతుంది. బోరులోని కేబుల్‌లో నష్టం తగ్గాలంటే మాత్రం 6 చదరపు మి.మీ. కేబుల్ వేయించుకోవలసిందే.