డచ్ ఓవెన్‌లో బార్బెక్యూ పోర్క్ రిబ్స్: ద్రవం ఎంత, సాస్ ఎప్పుడు, ఎంతసేపు?

కొత్తదాక

ఎనామిల్ పూత ఉన్న పోత ఇనుము డచ్ ఓవెన్ (బిగువైన మూత ఉన్న మందపాటి దాక) ఉంది, 6 లీటర్లది. అందులో ఒక రాక్ (విడదీయని పలక) స్పేర్ రిబ్స్, అంటే పొట్ట వైపు పంది పక్కటెముకలు, వండాలి, బరువు 1.4 కిలోలు. గ్రిల్లూ స్మోకరూ లేవు. స్టవ్, పైన బ్రాయిలర్ (పైనుంచి నేరుగా సెగ ఇచ్చేది) ఉన్న మామూలు ఓవెన్ ఉన్నాయి.

చూసిన పద్ధతులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. 180 డిగ్రీల్లో గంటన్నర చాలని ఒకరు, 120 డిగ్రీల్లో ఐదు గంటలు ఉంచాలని ఇంకొకరు. ముందు నీళ్లలో ఉడకబెట్టమని కొందరు, సాస్ మొత్తం మొదట్లోనే పోసి మూత పెట్టేయమని కొందరు. ద్రవం ఎంత పొయ్యాలి? సాస్ ఎప్పుడు వెయ్యాలి? ముందు వేయించాలా? అయిందని గడియారం చూడకుండా ఎలా పోల్చుకోవాలి? మాంసం ఎముక నుంచి సులువుగా రావాలి, కానీ ముద్దైపోకూడదు.

---

నిదానంగా

ముందు వేడి సంగతి చూద్దాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. పంది మాంసం ముక్క లోపల 63 డిగ్రీలకు చేరి 3 నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితమే. కానీ రిబ్స్ ఆ దశలో పళ్లకు సాగుతాయి. ఎముకల మధ్య కండను పట్టి ఉంచే గట్టి పదార్థం కొలాజెన్, మెత్తటి జిగురులాంటి జిలటిన్‌గా మారడం 70 డిగ్రీలు దాటాక ఊపందుకుంటుంది. మాంసం 90–95 దగ్గర కొంతసేపు నిలిస్తేనే మీరు కోరుకునే మెత్తదనం వస్తుంది. అందుకే రిబ్స్ గట్టిగా తగిలితే "ఎక్కువ ఉడికింది" అని దించెయ్యకండి. చాలాసార్లు అది చాలినంత ఉడకకపోవడమే, ఇంకో అరగంట ఉంచితే సర్దుకుంటుంది.

ఓవెన్ 150 డిగ్రీల్లో పెట్టండి, ఫ్యాన్ తిరిగేదైతే 135. మీ స్పేర్ రిబ్స్‌కి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. బేబీ బ్యాక్ రిబ్స్ అయితే చిన్నవి, కొవ్వు తక్కువ, కాబట్టి రెండు గంటల దగ్గరే చూడడం మొదలుపెట్టాలి. 180లో పెడితే అడుగున ద్రవం కుతకుతలాడుతుంది. కొలాజెన్ కరగకముందే కండ బిగుసుకుని తన రసం బయటికి పిండేస్తుంది, బయట పీచు, లోపల బిరుసు మిగులుతాయి. 120లో తప్పేమీ లేదు గానీ మూత పెట్టిన దాకలో గంటలు గంటలు పట్టినందుకు తగ్గ తేడా కనబడదు.

రిబ్స్‌ను తిరగేస్తే ఎముకల వైపు తెల్లగా మెరిసే పలుచటి పొర ఉంటుంది. అది ఎంత ఉడికినా కరగదు, మసాలాను లోపలికి పోనివ్వదు. చివరి ఎముక దగ్గర చెంచా కాడ దాని కిందికి దూర్చి లేపి, కాగితపు రుమాలుతో గట్టిగా పట్టుకుని లాగండి. చేత్తో పడితే జారిపోతుంది. ఒక్క ముక్కగా రాకపోతే మధ్యలోంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఉప్పు కిలోకి 10 గ్రాములు లెక్క. వీలైతే ముందు రాత్రే ఉప్పు మాత్రం పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక్క జాగ్రత్త: ప్యాకెట్ మీద ఉప్పునీరు ఎక్కించినట్టు రాసి ఉంటే ఉప్పు సగానికి తగ్గించాలి. మిగతా పొడి వండే ముందు పట్టించండి. బ్రౌన్ షుగర్ 1 టేబుల్ స్పూన్, పాప్రికా (కారం తక్కువుండే ఎర్ర మిరప పొడి) 1 టేబుల్ స్పూన్, పొగ పట్టించిన పాప్రికా 2 టీస్పూన్లు, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఆవపొడి ఒక్కో టీస్పూన్, కారం అర టీస్పూన్. చక్కెర ఇంతకు మించితే అడుగున మాడే అవకాశం పెరుగుతుంది. తీపి సాస్‌లో ఎలాగూ వస్తుంది.

రాక్‌ను మూడేసి ఎముకల ముక్కలుగా కొయ్యండి. దాక అడుగున రెండు ఉల్లిపాయలు మందపాటి చక్రాలుగా పరిచి, వాటి మీద ముక్కలను నిలువుగా, గోడకు ఆనించి, ఎముకల వైపు లోపలికి ఉండేలా నిలబెట్టండి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందివి ఊటలో ఉడికిపోతాయి, పైవి బిరుసుగా మిగులుతాయి.

ద్రవం 200 మిల్లీలీటర్లు, అంతే. 150 నీళ్లు లేదా ఆపిల్ రసం, 50 ఆపిల్ సైడర్ వెనిగర్. అడుగున సెంటీమీటరు లోపు ఉంటుంది. చూడడానికి చాలదనిపిస్తుంది, కానీ ఉల్లి నుంచీ మాంసం నుంచీ ఊట దిగుతుంది. రెండున్నర గంటల తర్వాత మీరు పోసినదానికంటే ఎక్కువే కనబడుతుంది. రిబ్స్ ఆవిరిలో మగ్గాలి, నీళ్లలో మునగకూడదు. ముందే నీళ్లలో ఉడకబెట్టమనే సలహా వదిలెయ్యండి, మాంసం రుచంతా ఆ నీళ్లలోకి దిగిపోతుంది, ఆ నీళ్లేమో పారబోస్తారు.

సాస్ చివర్లోనే. మొదట్లో పోస్తే రెండు విధాలా నష్టం. అందులోని చక్కెర, టమాటా గుజ్జు అడుగుకు దిగి ఇనుముకు అతుక్కుని మాడి చేదెక్కుతాయి. పైనున్న సాస్ మాంసం ఊటతోనూ మూత నుంచి కారే ఆవిరి నీటితోనూ పలచబడి ముక్కకు పట్టదు.

---

ఇనుపదాక

పై జవాబుతో దాదాపు ఏకీభవిస్తాను. వేయించడం గురించి నేను చెబుతాను, అది మిగిలిపోయింది.

రిబ్స్‌ను ముందు వేయించడం నా దృష్టిలో శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ. ముక్క వంకరగా ఉంటుంది, గుండ్రటి దాకలో సగం కండ కూడా ఇనుముకు తగలదు. పొడి పట్టించాక వేయిస్తే చక్కెర, పాప్రికా రెండు నిమిషాల్లో మాడతాయి. ఆ చేదు తర్వాత గంటల తరబడి ఊటలో తిరుగుతూనే ఉంటుంది. ఎర్రదనం చివర్లో బ్రాయిలర్ కిందే రావాలి. వేయించి తీరాలనుకుంటే ఉప్పు మాత్రమే ఉన్న దశలో, కండ వైపు మాత్రమే, మధ్యస్థ మంట మీద ముక్కకు 3–4 నిమిషాలు. దాకను బోల్డు ముక్కలతో నింపకుండా విడతలుగా చెయ్యాలి.

మూత బిగువుగా ఉందో లేదో చూసుకోండి. సందు ఉంటే ఆవిరి పోయి మూడో గంటకు అడుగు ఎండిపోతుంది. బేకింగ్ కాగితాన్ని దాక అంత గుండ్రంగా కత్తిరించి రిబ్స్ పైన నేరుగా కప్పి, ఆపైన మూత పెడితే ఆ బెడద ఉండదు. మూత పిడి నల్ల ప్లాస్టిక్‌దైతే అది ఎంత వేడి తట్టుకుంటుందో తయారీదారు సూచనల్లో చూడండి. 150కి సాధారణంగా ఇబ్బంది లేదు గానీ బ్రాయిలర్ కింద మాత్రం మూత అసలు పెట్టకండి. ఎనామిల్ దాకను కూడా బ్రాయిలర్ కింద పెట్టొద్దు. ముక్కలను ట్రేలోకి మార్చడమే మేలు. ఎలాగూ దాకలో నిలబడి ఉన్న ముక్కలకు పైనుంచి వచ్చే సెగ అంచులకే తగులుతుంది.

ఇక అయిందని తెలుసుకోవడం. థర్మామీటరు ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఎముకల మధ్య కండ పలుచన, ముల్లు కొంచెం ఎముకకు తగిలినా అంకె తప్పు చూపిస్తుంది. రెండు ముక్కల్లో, మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. అంతకంటే చేతికి తెలిసే గుర్తులు మేలు. ఎముకల కొసల దగ్గర కండ సెంటీమీటరు దాకా వెనక్కి జరిగి ఉంటుంది. రెండు ఎముకల మధ్య టూత్‌పిక్ గుచ్చితే అడ్డు లేకుండా దిగుతుంది. ఒక ఎముకను పట్టుకుని కొద్దిగా తిప్పితే కదులుతుంది, కానీ చేతిలోకి ఊడిరాదు. ఊడి వచ్చేస్తే మీరు అనుకున్న హద్దు దాటింది. అమెరికా బార్బెక్యూ పోటీల్లో అలా ఎముక వదిలేసిన రిబ్‌ను ఎక్కువ ఉడికినదిగానే లెక్కిస్తారు. ఇంట్లో తినేవాళ్లకు అదే ఇష్టమైతే ఇంకో 20–30 నిమిషాలు ఉంచుకోవచ్చు, అది రుచిని బట్టి.

రంగును మాత్రం నమ్మకండి. పూర్తిగా ఉడికిన రిబ్స్‌లో కూడా ఎముక పక్కన గులాబీ రంగు మిగలొచ్చు.

---

కొత్తదాక

చాలా స్పష్టంగా ఉంది, ఇద్దరికీ ధన్యవాదాలండీ. మరో మూడు సందేహాలు. సాస్ పాళ్లు, బ్రాయిలర్ కింద ఎంతసేపు? అడుగున మిగిలిన ఊట పారబొయ్యాలా? ఓవెన్ ఖాళీ లేకపోతే స్టవ్ మీదే మొత్తం చెయ్యొచ్చా?

---

నిదానంగా

ఊట పారబొయ్యొద్దు, అందులో జిలటిన్ ఉంది. ముక్కలు తీసి పక్కన పెట్టాక ఊటను వడకట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైకి తేలిన కొవ్వును గరిటెతో తీసెయ్యండి. మిగిలినదాన్ని వెడల్పాటి గిన్నెలో సగానికి ఇగరబెట్టి, రుచి చూసి, ఉప్పు ఎక్కువ లేకపోతే అందులోంచి అర కప్పు సాస్‌లో కలపండి. సీసాలో వచ్చే సాస్‌కి కూడా ఇది చిక్కదనం తెస్తుంది.

సాస్‌కి కెచప్ 1 కప్పు, ఆపిల్ సైడర్ వెనిగర్ పావు కప్పు, బ్రౌన్ షుగర్ పావు కప్పు, మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే నల్లటి పాకం) 1 టేబుల్ స్పూన్, వూస్టర్‌షైర్ సాస్ (పులియబెట్టిన పుల్లటి నల్ల సాస్) 1 టేబుల్ స్పూన్, ఆవ ముద్ద 1 టేబుల్ స్పూన్, పొగ పాప్రికా 1 టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్. ఇగిరిన ఊట కూడా కలిపి సన్నసెగ మీద 15 నిమిషాలు. సాస్ గరిటె వెనకవైపు పూతలా పట్టాలి, దాని మీద వేలితో గీస్తే గీత నిలవాలి. నీళ్లగా ఉన్న సాస్ బ్రాయిలర్ కింద ముక్క మీద నుంచి జారి ట్రేలో మాడుతుంది. ద్రవరూప పొగ (సీసాల్లో అమ్మే, పొగ రుచినిచ్చే ద్రవం) వాడేట్టయితే పావు టీస్పూన్‌తో మొదలుపెట్టండి, అదీ ఈ దశలోనే. ఎక్కువైతే చేదు, తర్వాత తగ్గించే దారి ఉండదు.

దించిన వెంటనే ముక్కలు కదిలించకండి. మూత కొంచెం తీసి 20 నిమిషాలు దాకలోనే వదిలెయ్యండి. వేడిమీద పటకారుతో ఎత్తితే కండ ఎముక వదిలేసి పడిపోతుంది. తర్వాత ట్రేలో కండ వైపు పైకి పెట్టి, పైనున్న తడిని కాగితపు రుమాలుతో అద్ది తీసేసి, పలుచగా సాస్ రాసి, బ్రాయిలర్‌కి 15 సెంటీమీటర్ల దూరంలో 3–4 నిమిషాలు. మళ్లీ ఒక పూత, మళ్లీ 2–3 నిమిషాలు. అంచుల్లో బుడగలు వచ్చి అక్కడక్కడ నల్ల చుక్కలు పడగానే తీసెయ్యాలి. ఇక్కడ ఓవెన్ దగ్గర నుంచి కదలకూడదు. తేనె మెరుపుకూ పూర్తి మాడుకూ మధ్య ఒక్క నిమిషమే తేడా. మందంగా ఒకేసారి రాసేకంటే పలుచటి రెండు పూతలే బాగా పట్టుకుంటాయి.

స్టవ్ మీద చెయ్యొచ్చు, కానీ వేడి కింద నుంచి మాత్రమే వస్తుంది. ద్రవం 300 మిల్లీలీటర్లకు పెంచండి, అతి చిన్న బర్నర్ మీద అతి తక్కువ మంట పెట్టండి. మూత తీస్తే రెండు మూడు సెకన్లకు ఒక బుడగ పైకి రావాలి, గలగలమంటే మంట ఎక్కువ. ప్రతి 40 నిమిషాలకు ముక్కలను తలకిందులుగా తిప్పి, అడుగు తడిగా ఉందో లేదో చూడాలి. ఎండితే పావు కప్పు వేడినీళ్లు పొయ్యండి, చన్నీళ్లు వద్దు, కాలిన ఎనామిల్ మీద చన్నీళ్లు పడితే పూత పగలొచ్చు.

---

బొగ్గుసెగ

బయట వండుకునేవాళ్లకు కూడా పనికొస్తుందని ఇది చేరుస్తున్నాను. కాళ్లున్న, మూతకు అంచు ఉన్న 12 అంగుళాల క్యాంపు డచ్ ఓవెన్ అయితే బొగ్గు ఇటుకలు మొత్తం 22 చాలు: మూత మీద 14, కింద 8. గాలి లేనిచోట అది ఇంచుమించు 150 డిగ్రీలు ఇస్తుంది. కిందివి గుండ్రంగా అంచు వెంబడే పేర్చండి, నడిమధ్యలో పెట్టొద్దు, అక్కడే ముందు మాడుతుంది. ప్రతి 15 నిమిషాలకు దాకను ఒకవైపు పావు వంతు, మూతను ఎదురువైపు పావు వంతు తిప్పితే వేడి ఒకేచోట నిలవదు. ఇటుకలు 45 నిమిషాల తర్వాత నీరసపడతాయి, కాబట్టి కొత్తవి ముందే పక్కన రగిలించి ఉంచుకోవాలి. గాలి వీస్తుంటే ఇంకా త్వరగా కాలిపోతాయి. చివర్లో సాస్ పూశాక కింది నిప్పులన్నీ తీసి మూత మీదికి ఎక్కించండి, 10 నిమిషాల్లో పైన రంగు వస్తుంది.

ఈ దాకలకు ఎనామిల్ ఉండదు. వెనిగర్, టమాటా గంటల తరబడి ఉడికితే నూనె పట్టించి పెంచిన నల్లపూత ఊడి, కూరకు ఇనుము రుచి ఎక్కుతుంది. వీటిలో అడుగు ద్రవానికి వెనిగర్ మానేసి నీళ్లో ఆపిల్ రసమో వాడండి. సాస్ చివరి పది నిమిషాలే కాబట్టి ఇబ్బంది ఉండదు. కానీ మిగిలిన రిబ్స్‌ను అందులోనే ఉంచెయ్యకుండా వేరే గిన్నెలోకి తీసెయ్యాలి.

---

ఇనుపదాక

మిగిలిన వాటి గురించి ఒక మాట. అతిథులకు వండుతుంటే దాకలో మగ్గబెట్టడం వరకు ముందు రోజే చేసుకోవడం నిజానికి మంచిది. రెండు గంటల్లోపు చల్లార్చి, వడకట్టిన ఊటతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి కొవ్వు పైన గడ్డకట్టి పలకలా వచ్చేస్తుంది, చల్లటి ముక్కలు విరగకుండా ట్రేలోకి వస్తాయి. వాటికి రెండు చెంచాల ఊట చిలకరించి, ఫాయిల్‌తో మూసి, 150 డిగ్రీల్లో 25 నిమిషాలు వేడిచేశాకే సాస్ పూసి బ్రాయిలర్ కింద పెట్టాలి. చల్లటి ముక్కను నేరుగా బ్రాయిలర్ కిందికి పంపితే పైన మాడుతుంది, లోపల చల్లగానే ఉంటుంది. సాస్ పూసిన తర్వాత ఫాయిల్ తగలకుండా చూసుకోండి, పులుపు అల్యూమినియాన్ని తింటుంది. ఫ్రిజ్‌లో 3–4 రోజులు నిలవ ఉంటాయి.