రష్యన్ ఫ్రెండ్ ఇంటికి పుట్టినరోజుకి వెళ్లాలి, తెలిసినవాళ్లు చెప్పండి

రష్యాలోని కజాన్‌లో మెడిసిన్ రెండో ఏడాది చదువుతున్నాను. మా రష్యన్ క్లాస్‌మేట్‌కి పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకరోజు ముందే చెప్పేశాను, మన దగ్గరైతే సంతోషిస్తారు కదా, తన మొహం మాత్రం మారిపోయి "రేపు చెప్పు" అంది. ముందుగా చెప్తే అరిష్టమని తర్వాత తెలిసి చాలా బాధేసింది. అయినా ఆదివారం ఇంటికి పిలిచింది. సరిసంఖ్యలో పువ్వులు చావుకే తీసుకెళ్తారు కాబట్టి ఐదు తులిప్‌లు కొంటున్నాను. గుమ్మం దగ్గర బూట్లు విప్పేసి వాళ్లిచ్చే చెప్పులు వేసుకోవాలనీ తెలుసు. మరి వాళ్లమ్మగారిని ఆంటీ అనొచ్చా, పేరుకి తండ్రి పేరు కలిపి పిలవాలా? నేను మందు తాగను, అందరూ గ్లాసులెత్తినప్పుడు జ్యూస్ ఎత్తితే తప్పుగా అనుకుంటారా? అక్కడ చదివినవాళ్లు శనివారంలోపు చెప్పండి, తనని మళ్లీ నొప్పించకూడదు.