బ్రిటిష్ కాలం కార్మిక సంఘాల్లో పార్టీల పట్టు: ఏ కాగితాల్లో తెలుస్తుంది?

గూడూరు_పాఠకుడు:
నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి సంగతి. అభ్రకం గనులు, బిట్రగుంట రైల్వే షెడ్డు లాంటి చోట్ల యూనియన్ల గురించి చదవాలనుకుంటున్నాను. ఆ రోజుల్లో అధ్యక్షులుగా వకీళ్లు, పార్టీ నాయకులే ఎక్కువ కనిపిస్తారు. కార్మికులకు చదువు లేకనా, చట్టమే అలా ఉందా? పార్టీ పట్టు ఎంతో ఎలా తేల్చాలి?

కావలి_లేబర్:
చదువు ఒక కారణమే గానీ అసలు ముడి చట్టంలో ఉంది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం 1927 జూన్ 1 నుంచి అమలైంది. అప్పట్లో ఏడుగురు సంతకం పెడితే రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసే వీలుండేది. కానీ యజమాని ఆ యూనియన్‌ను గుర్తించి తీరాలని అందులో లేదు. 1947లో అందుకోసం తెచ్చిన సవరణ కూడా అమల్లోకి రాలేదు. పనిచేసే మనిషి కార్యదర్శి అయితే యజమాని పనిలోంచి తీసేయగలడు. బయటి వకీలును ఏం చేయగలడు? అందుకే బయటివాళ్లను కార్మికులే పిలుచుకున్నారు. దాన్ని పార్టీల ఆక్రమణగా మాత్రమే చూడటం అన్యాయం.

ఇక 22వ సెక్షన్: అప్పట్లో కార్యవర్గంలో కనీసం సగం మంది ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్లు కావాల్సి ఉండేది. 11 మందుంటే ఆరుగురు కార్మికులు, అయిదుగురు బయటివాళ్లు ఉండే వీలుండేది. ఆడిటర్ ఈ లెక్కలోకి వచ్చేవాడు కాదు. కాబట్టి తలలు లెక్కపెట్టి ఊరుకోకండి. అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి ఎవరో చూడండి.

ఒంగోలు_రికార్డు:
రాజకీయ నిధి ఒక్కటే చూస్తే మోసపోతారు. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎన్నికల ఖర్చుకు విడి నిధి ఉండాల్సి ఉండేది, చందా ఇష్టపూర్వకం, ఇవ్వనివాడికి యూనియన్ సౌకర్యాలు ఆపకూడదు. ఆ నిధి పెట్టకుండానే నాయకుడి ద్వారా పార్టీ నడిపించిన యూనియన్ ఉండొచ్చు. రిజిస్ట్రారుకు పంపిన వార్షిక రిటర్నులో ఆ ఏడు మారిన కార్యవర్గం పేర్లుంటాయి, అవి వరసగా అయిదారేళ్లవి పక్కపక్కన పెట్టండి. మద్రాసు ప్రభుత్వ పాత కాగితాలు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పోలీసు నివేదికలను మాత్రం ఒంటరిగా నమ్మొద్దు. కూలి కోసం జరిగిన సమ్మెను కూడా రాజకీయ కుట్రగా రాయడం వాళ్లకు అలవాటు.

గూడూరు_పాఠకుడు:
పేర్లు ఒక్కసారిగా మారితే చీలిక అనుకోవచ్చా?

ఒంగోలు_రికార్డు:
వెంటనే అనుకోకండి. ముందు తేదీలు సరిచూడండి. ఏఐటీయూసీ (అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) 1929లో నాగపూరులో, 1931లో కలకత్తాలో చీలింది. 1942 జులైలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం పోయింది, ఆగస్టులో కాంగ్రెస్ నాయకులు జైలుకెళ్లారు. ఆ నెలల్లో పేర్లు మారితే అరెస్టు వల్ల కూడా కావొచ్చు. 1947 మేలో కాంగ్రెస్ వైపు కార్మిక సంఘం ఐఎన్‌టీయూసీ పుట్టింది. పుస్తకాలు, చందా రశీదులు అన్నీ ఒక్క నాయకుడి చేతిలో ఉన్న యూనియన్‌లో ఆయన జైలుకెళితే రిటర్ను కూడా ఆగిపోతుంది. యూనియన్ కావాలని నిబంధన మీరిందని తేలితే రిజిస్ట్రారు కనీసం రెండు నెలల నోటీసిచ్చి రిజిస్ట్రేషన్ రద్దు చేసే వీలుండేది.

కావలి_లేబర్:
ఒకటి కలపాలి. చట్టం రాకముందే మద్రాసు బకింగ్‌హామ్, కర్ణాటిక్ బట్టల మిల్లుల్లో ఇదంతా జరిగింది. 1918లో మద్రాసు లేబర్ యూనియన్ పెట్టిన వాడియా మీద కంపెనీ హైకోర్టుకెక్కింది. యూనియన్‌తో సంబంధం వదులుకుంటానని ఆయన ఒప్పుకున్నాకే రాజీ. 1921 సమ్మెలో ఆది ద్రావిడ (దళిత) కార్మికులు, సవర్ణ కార్మికులు రెండుగా చీలి పుళియాంతోపులో కొట్లాటలు జరిగాయి. అప్పుడు మద్రాసులో అధికారంలో ఉన్న జస్టిస్ పార్టీలోనూ దానిమీద గొడవ రేగింది. అందుకని మీ గని యూనియన్ పేర్ల పట్టికలో ఏ వాడ నుంచి, అంటే ఏ కులం నుంచి, ఎందరున్నారో కూడా చూడండి.