రోజూ కనిపించే సముద్రతీరాన్ని తీరిగ్గా తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న – తీరవాసి

మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే సముద్రం ఉంది. పేరుపొందిన తీరమేమీ కాదు. బొమ్మల్లో చూపించే నీలి నీళ్లు గానీ తెల్లని ఇసుక గానీ అక్కడ లేవు. అందువల్ల సెలవులు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అందరూ దూరపు తీరాల గురించే మాట్లాడుకునేవారు. ఈమధ్య ఒక ఉదయం అటుగా వెళ్లినప్పుడు నీరు బాగా వెనక్కి తీసి ఉంది. తడి ఇసుకలో వేలు కూడా పట్టనంత సన్నని బొరియలు కనిపించాయి. ఒక్కొక్క బొరియ చుట్టూ మిరియాలంతటి ఇసుక ఉండలు వరుసలు కట్టి, కిరణాల్లా నలువైపులకూ పరచుకుని ఉన్నాయి. సాయంత్రం మళ్లీ వెళ్లేసరికి నీరు అక్కడిదాకా వచ్చింది, ఒక్క ఉండ కూడా మిగలలేదు. అప్పటినుంచి ఆ తీరం మీద నాకు ఇష్టం పెరిగింది.

ఆ ఉండలు ఏమిటి? ఏ వేళకు వెళితే ఏమి చూడవచ్చు? ఏడాది పొడవునా వెళ్లే వీలున్నవారు దేనిని గమనించాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం – గవ్వలసంచి

తీరవాసి గారూ, మీరు చూసినవి బొరియల్లో బతికే చాలా చిన్న పీతల పని. నీరు తీసిన వెంటనే అవి బయటికి వచ్చి, తడి ఇసుకను నోటికి అందించుకుని, రేణువులకు అంటుకున్న సూక్ష్మమైన ఆహారాన్ని మాత్రం తీసుకుని, మిగిలిన ఇసుకను ఉండగా చేసి పక్కకు నెట్టేస్తాయి. బొరియ నుంచి బయటికి మేసుకుంటూ పోయి మళ్లీ వెనక్కి రావడం వాటి అలవాటు కాబట్టి ఆ ఉండలు కిరణాల ఆకారంలో పేరుకుంటాయి. కదలకుండా కూర్చుంటే కాసేపటికి అవే బయటికి వస్తాయి. మన అడుగుల అదురు తగిలితే మాత్రం చప్పున లోపలికి వెళ్లిపోతాయి.

తరువాత చూడవలసినది, పోటు ఎంతవరకు వచ్చి వెళ్లిందో తెలిపే నాచు గీత. చాలామంది దానిని చెత్త అనుకుని దాటిపోతారు గానీ, తీరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. సముద్రఫేనం అని పిలిచే తేలికైన తెల్లని పలకలు అక్కడ దొరుకుతాయి. అవి కటిల్‌ఫిష్ అనే జీవి శరీరంలోని గట్టి భాగాలు. వాటిలోని సన్నని గదుల్లో గాలిని, నీటిని హెచ్చుతగ్గులు చేసుకుంటూ ఆ జీవి తనకు కావలసిన లోతులో నిలబడగలుగుతుంది.

ఆల్చిప్పల్ని కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కొన్నింటికి దారం ఎక్కించడానికి ఎవరో తొలిచినట్టు ఒక గుండ్రని రంధ్రం ఉంటుంది. దాని అంచు పైన వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా ఉంటే, అది ఇసుకలో దాగి వేటాడే ఒక జాతి నత్త పని అని చాలావరకు చెప్పవచ్చు. అది చిప్ప మీద ఆమ్ల గుణం గల ద్రవాన్ని వదిలి మెత్తబరిచి, పళ్ల వరుసలున్న నాలుకతో గీరుతూ రంధ్రం చేసి, లోపలి మాంసాన్ని తింటుంది. అంత నున్నని రంధ్రం వెనుక అంత ఓపికైన వేట ఉందని తెలిసిన తరువాత ఖాళీ చిప్పను కూడా ఊరికే దాటిపోలేము.

ఒక మనవి. జీవి లోపల ఉన్న గవ్వను, నత్తను తెచ్చుకోవద్దు. నాచు గీతలోని ప్లాస్టిక్‌ను ఏరివేయండి గానీ నాచును అలాగే ఉంచండి. దాని కింద బతికే చిన్న పురుగుల మీదే తీరపు పక్షులు ఎన్నో ఆధారపడతాయి.

సమాధానం – పోటుపాటు

వేళ గురించి నేను చెబుతాను. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఈరోజు చూసిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమి, అమావాస్యల తరువాత ఒకటి రెండు రోజులు నీరు అన్నిటికన్నా ఎక్కువగా ముందుకు వస్తుంది, ఎక్కువగా వెనక్కి తీస్తుంది. మామూలుగా నీటి అడుగున ఉండే నేల అప్పుడే బయటపడుతుంది. ఇందులో ఎక్కువమంది గమనించని విషయం ఒకటి ఉంది. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరంలో, ఆ పెద్ద పోట్ల రోజుల్లో నీరు పూర్తిగా తీసే వేళ ఏడాది పొడవునా ఇంచుమించు ఒకటే ఉంటుంది. మీ తీరంలో అది ఏ వేళో ఒకసారి తెలుసుకుంటే చాలు, ఆ తరువాత పంచాంగంలో తిథి చూసి బయలుదేరవచ్చు. దూరపు తీరానికి రెండు రోజుల కోసం వెళ్లిన యాత్రికుడికి ఈ అవకాశం అరుదుగా దొరుకుతుంది. ఇంటి దగ్గరి తీరానికి ఉన్న అసలైన గొప్పతనం ఇదేనని నా అభిప్రాయం.

సమాధానం – ఇసుకమేట

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూ ఇసుక సంగతి కలుపుతున్నాను. గట్టి అలలు వచ్చే కాలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఇసుకను లాక్కుపోయి, కొద్ది దూరంలో నీటి కింద మేటగా వేస్తుంది. అలలు నెమ్మదించిన తరువాత అదే ఇసుకను కొద్దికొద్దిగా వెనక్కి తెచ్చిపెడుతుంది. ఎప్పుడూ ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు నెలకొక ఫొటో తీసి పెట్టుకోండి. ఒడ్డు వాలు ఎంత మారిందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇసుక మీద కనిపించే నల్లని చారలు మురికి అనుకోవద్దు. వెనక్కి మళ్లే నీరు తేలికైన రేణువులను తీసుకుపోగా, ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి బరువైన ఖనిజాలు వెనుక మిగిలిపోతాయి. అయస్కాంతం దగ్గరికి తెస్తే వాటిలో కొన్ని రేణువులు ఎగిరి అతుక్కుంటాయి. ఎర్రని ఛాయ ఉన్న చార అయితే అందులో గార్నెట్ అనే ఖనిజపు రేణువులు ఉండవచ్చు.

అలల మధ్య వ్యవధిని కూడా లెక్కపెట్టండి. దగ్గరి గాలికి పుట్టిన అలలు కొద్ది సెకన్లకొకటి చొప్పున గజిబిజిగా వస్తాయి. గాలి లేని రోజున కూడా 12 సెకన్లకో 15 సెకన్లకో ఒకటి చొప్పున తీరుగా వస్తున్నాయంటే, అవి ఎక్కడో చాలా దూరంలో వీచిన తుపానుగాలికి పుట్టి రోజుల తరబడి ప్రయాణించి వచ్చినవని అర్థం.

తీరవాసి

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే అమావాస్యకు పిల్లలతో కలిసి వెళ్లాలనుకుంటున్నాను. వారు నీళ్లలోకి దిగుతామంటారు. ఇసుకమేట గారూ, అలలు తక్కువగా ఉన్న చోట దింపితే సరిపోతుందా?

సమాధానం – ఇసుకమేట

దయచేసి అలా చేయవద్దు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక్కచోట మాత్రం నీరు నిశ్చలంగా, కొంచెం ముదురు రంగులో ఉంటే, చాలాసార్లు అదే ప్రమాదకరమైన చోటు. ఒడ్డుకు చేరిన నీరంతా సన్నని పాయగా సముద్రంలోకి తిరిగి పోయే దారి అది. ఆ పాయ వేగం సెకనుకు 2 మీటర్లకు చేరవచ్చు. దానికి ఎదురీది గెలవడం మంచి ఈతగాడికి కూడా కష్టం. నురుగు, నాచు సముద్రంవైపు కదిలిపోతుంటే అటు వెళ్లకండి. ఎవరైనా అందులో చిక్కుకుంటే తేలుతూ ఉండి చెయ్యి ఊపి పిలవాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా ఈది, పాయ దాటిన తరువాతనే గట్టువైపు తిరగాలి. కాపలా ఈతగాళ్లు లేని తీరమైతే పిల్లలను నాచు గీత దగ్గరా పీతల బొరియల దగ్గరా ఆడనివ్వండి. అక్కడ కూడా పోటు తిరిగే వేళ ముందే చూసుకుని, వెనుక నీరు చుట్టుముట్టే ఇసుక దిబ్బల మీదికి వెళ్లనివ్వకండి.