ఎస్‌పీఎఫ్, డీకిమ్ పాసైన స్పామ్‌ను ఎలా ఆపాలి?

ప్రశ్న: ఆఫీసు మెయిల్ సర్వర్ నేనే చూసుకుంటాను. మెయిల్ పంపడానికి, అందుకోవడానికి పోస్ట్‌ఫిక్స్, స్పామ్ పట్టడానికి స్పామ్‌అసాసిన్ 4.0 వాడుతున్నాం. ఇది ప్రతి మెయిల్‌కూ మార్కులు వేస్తుంది, ఎక్కువైతే స్పామ్ కింద లెక్క. ఎస్‌పీఎఫ్ (మెయిల్ ఆ డొమైన్ అనుమతించిన సర్వర్ నుంచే వచ్చిందా అనే తనిఖీ), డీకిమ్ (మెయిల్‌పై డొమైన్ వేసిన డిజిటల్ సంతకం తనిఖీ) పాసైతే బాగా మార్కులు తగ్గేలా, ఫెయిలైతే పెరిగేలా పెట్టాను. ఇప్పుడు బోలెడు స్పామ్ రెండూ పాసై ఇన్‌బాక్స్‌లోకి వస్తోంది. ఫార్వర్డ్ అయి వచ్చే అసలు మెయిళ్లేమో స్పామ్‌లో పడుతున్నాయి. ఏం మార్చాలి?

జవాబు: ముందు ఆ పాస్ మార్కులు తీసేయండి. పాస్ అంటే మెయిల్ మంచిదని కాదు, ఆ డొమైన్ పేరు అబద్ధం కాదని మాత్రమే. స్పామర్ కూడా ఓ డొమైన్ కొని, డొమైన్ల వివరాలుండే డీఎన్ఎస్‌లో రికార్డులు పెట్టుకుని, సంతకం చేసి మరీ పంపుతాడు. అందుకే స్పామ్‌అసాసిన్‌లో ఎస్‌పీఎఫ్ పాస్‌కు మామూలుగా ఉండేది మైనస్ 0.001 మార్కే.

అసలు లాభం ఇంకోచోట ఉంది. పేరు నిజమని తేలింది కాబట్టి, నమ్మకాన్ని ఆ పేరుకే కట్టొచ్చు. స్పామ్‌అసాసిన్ సెట్టింగుల ఫైలు లోకల్.సీఎఫ్‌లో, ఫిల్టర్ నుంచి మినహాయింపు ఇచ్చే 'వెల్కమ్‌లిస్ట్_ఫ్రమ్' లైన్లు ఉన్నాయేమో చూడండి. అవి ఫ్రమ్ అడ్రస్‌ను గుడ్డిగా నమ్ముతాయి, అక్కడ ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. వాటి బదులు 'వెల్కమ్‌లిస్ట్_ఆథ్' వాడండి. తనిఖీలో పేరు నిజమని తేలితేనే మినహాయింపు దొరుకుతుంది. మీ కస్టమర్లు, సప్లయర్ల డొమైన్లన్నీ ఇలా చేరిస్తే, మిగతా మెయిల్ మీద ఫిల్టర్‌ను ధైర్యంగా బిగించొచ్చు. నా దృష్టిలో ఈ ఒక్క పనే అన్నిటికన్నా ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్సండీ, మారుస్తాను. ఒక మెయిల్‌లో ఫ్రమ్ దగ్గర బ్యాంకు అడ్రసే ఉంది, అయినా ఎస్‌పీఎఫ్ పాస్ అని వచ్చింది. అదెలా?

ఇంకొకరి జవాబు: ఎస్‌పీఎఫ్ మనకు కనిపించే ఫ్రమ్‌ను చూడదండీ, రిటర్న్-పాత్‌లోని (మెయిల్ చేరకపోతే తిరిగి వెళ్లాల్సిన అడ్రస్‌లోని) డొమైన్‌ను చూస్తుంది. హెడర్లు తెరిచి చూడండి, అక్కడ వేరే డొమైన్ ఉంటుంది. తనిఖీలో పాసైన డొమైన్, ఫ్రమ్‌లోని డొమైన్ కలవాలని అడిగే ఇంకో తనిఖీ డీమార్క్. పాసైన ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఏ ఒక్కదాని డొమైన్ అయినా ఫ్రమ్‌తో కలిస్తే చాలు.

మీ ఫార్వర్డింగ్ గొడవకు మందు కూడా ఇక్కడే ఉంది. ఫార్వర్డ్ చేసిన సర్వర్ ఐపీ అసలు పంపినవారి రికార్డులో ఉండదు కాబట్టి ఎస్‌పీఎఫ్ ఫెయిలవుతుంది. మెయిల్‌లో ఏమీ మారకపోతే డీకిమ్ సంతకం మాత్రం చెక్కుచెదరదు. కాబట్టి ఒక్క ఎస్‌పీఎఫ్ ఫెయిలైందని మార్కులు పెంచకండి, డీమార్క్ ఫెయిలైతేనే పెంచండి. దాని ప్లగిన్ 4.0లోనే ఉంది, లోడ్ అవుతోందో లేదో చూసుకోండి.

ఎంత పెంచాలన్నది డొమైన్ యజమాని పెట్టిన డీమార్క్ పాలసీని (ఫెయిలైన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే సూచనను) బట్టి ఉండాలి. 'పీ=నన్' అంటే ఇంకా గమనిస్తున్నారంతే, ఏదో నామమాత్రంగా వేయండి. 'క్వారంటైన్' (స్పామ్‌లో వేయమని), 'రిజెక్ట్' (తిప్పికొట్టమని) అయితే గట్టిగా వేయొచ్చు. అయితే 'రిజెక్ట్' ఉంది కదా అని మొదటిరోజే మెయిల్‌ను గుమ్మంలోనే తిప్పికొట్టకండి. మెయిలింగ్ లిస్టులు సబ్జెక్టులో లిస్టు పేరు, అడుగున ఫుటర్ చేరుస్తాయి, దాంతో డీకిమ్ కూడా పోతుంది. కొన్నాళ్లు స్పామ్ ఫోల్డర్‌లోకే పంపి లాగ్ చూడండి. మీవాళ్లు చేరిన లిస్టులు ఏవేవి దెబ్బతింటున్నాయో తెలుస్తుంది, వాటికి మినహాయింపు పెట్టాకే తిప్పికొట్టడం మొదలుపెట్టండి.