నాబిగా క్షమాపణ కవితలు: కవిత్వమా, కాళ్లబేరమా?

గోదారిగట్టు: 6వ శతాబ్దపు అరబ్బీ కవి నాబిగా జుబ్యానీ. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న హీరా అనే రాజ్యానికి రాజు నూమాన్, ఆయన కొలువులో బంగారు గిన్నెల్లో తిన్నాడంటారు, రాజుకి కోపమొస్తే సిరియా వైపు పారిపోయి ఆయన శత్రువులు, అక్కడి గస్సానీ రాజుల్ని పొగిడాడు, మళ్లీ నూమాన్‌కే 'నువ్వు సూర్యుడివి, మిగతా రాజులు చుక్కలు, నువ్వు పొడిస్తే ఒక్క చుక్కా కనపడదు' అని రాశాడు. కాళ్లబేరం కాక ఇదేంటి?

కువైట్ కిట్టు: సూర్యుడి లైన్ ఒక్కటే పట్టుకుంటే ఎలా అండీ. గస్సానీలు నన్ను ఆదరించారు పొగిడాను, నువ్వు ఆదరించినవాళ్లు నిన్ను పొగిడితే తప్పనుకున్నావా అని అదే కవితలో అడిగాడు, కోపంగా ఉన్న రాజుతో లాజిక్ మాట్లాడాడు. ఇంకోచోట 'నువ్వు రాత్రి లాంటివాడివి, ఎంత దూరం పోయాననుకున్నా నన్ను అందుకుంటావు' అంటాడు. అది పొగడ్తా, భయమా?

సీమరాయుడు: పగలు మాత్రం అందుకోదా? రాత్రే ఎందుకు?

కువైట్ కిట్టు: పాత అరబ్బీ విమర్శకులూ ఇదే అడిగారు. రాజు కోపంగా ఉన్నాడు కాబట్టి రాత్రి.

సీమరాయుడు: ఒప్పుకోను. ఎడారిలో రాత్రే కదా హాయి.

గోదారిగట్టు: రాత్రి సంగతి వదిలేయండి. ఆ సూర్యుడి కవిత చివర్లో 'నాకు అన్యాయం జరిగితే, అది నీ బానిసకి నువ్వు చేసిన అన్యాయం' అన్నాడు. బానిసట! అరేబియాలో కవులు పోటీ పడే ఉకాజ్ సంతలో ఎర్ర తోలు గుడారంలో కూర్చుని మిగతా కవులకి తీర్పు చెప్పిన మనిషి.

వెన్నెల: రాణి ముసుగు జారితే ఒక చేత్తో అందుకుని ఇంకో చేత్తో మొహం దాచుకుందని వర్ణించాడట, రాజు కోపం అందుకే అని ఒక కథ. ఆ పద్యం మాత్రం అద్భుతం.

కువైట్ కిట్టు: గట్టు గారూ, చెయ్యని తప్పుకి మీరెప్పుడైనా లెటర్ రాశారా? నేను రాశాను. ఎవడో మోసిన చాడీకి మేనేజర్ నా పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకున్నాడు, అరబ్బీలో రెండు పేజీలు రాయించి 'మీ సేవకుణ్ణి' అని సంతకం పెట్టాను, పాప ఫీజు కట్టాలి మరి. సిగ్గు లేనోణ్ణా నేను?

గోదారిగట్టు: మిమ్మల్ని అన్లేదండీ. మా నాన్న అలాంటి లెటర్ రాయనన్నారు. ఉద్యోగం పోయింది, అమ్మ గాజులు పోయాయి, నా చదువు ఇంటర్‌తో ఆగింది. రాయకపోవడమే గొప్ప అనుకునే ఇన్నాళ్లూ బతికాను. ఇప్పుడు రాసినవాడూ గొప్పే అంటే మా ఇంట్లో పోయిందంతా దేనికి పోయినట్టు?

కువైట్ కిట్టు: మీ నాన్నగారిని తక్కువ చెయ్యట్లేదండీ. కానీ బానిసనన్న ఆ లైన్లోనే 'నువ్వు చేసిన అన్యాయం' అని కూడా ఉంది చూడండి. నా లెటర్లో ఆ ముక్క నేను రాయలేకపోయాను.