అప్‌డేట్: ఎంఆర్ రెండో డోసు, ఆటిజం భయం

ఎంఆర్ (తట్టు-రుబెల్లా టీకా) రెండో డోసుతో ఆటిజం వస్తుందన్న వాట్సాప్ ఫార్వర్డ్ నిజమేనా అని అడిగాను కదా, జవాబులన్నీ సరిచూశాను. పుకారుకు మూలం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో బ్రిటిష్ డాక్టర్ వేక్‌ఫీల్డ్ రాసిన వ్యాసం; అది ఎంఎంఆర్ (ఎంఆర్‌కు గవదబిళ్లల టీకా కూడా కలిపినది) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టింది. అందులో పిల్లలు 12 మందే! 2010లో పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది, ఆయన డాక్టర్ రిజిస్ట్రేషనూ పోయింది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని పరిశీలిస్తే ఎంఎంఆర్ టీకా వేసినవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదు.

మరి అనుమానం ఎందుకు వదలదు? రెండో డోసు 16–24 నెలల మధ్య వేస్తారు. మాటలు రాకపోవడం, పేరు పిలిస్తే తిరిగి చూడకపోవడం ఇంట్లోవాళ్ల కంటపడేదీ దాదాపు అప్పుడే. అలా ఉంటే ముందు వినికిడి పరీక్ష, తర్వాత ఎం-చాట్ (ఆటిజం లక్షణాలు ఉన్నాయేమో చూసే) ప్రశ్నావళి. టీకా మాత్రం ఆపక్కర్లేదు.

కొందరనే ‘ఆటిజం కంటే తట్టే నయం’ అన్న ముక్క మాత్రం మహా దారుణం. తట్టు ముదిరితే న్యుమోనియా, మెదడువాపు. ఆటిజం ఉన్న పిల్లలకు కావలసింది స్పీచ్ థెరపీ, బడిలో సీటు.